మూత లేని కన్ను

కుక్కర్ మూత తీయగానే కళ్లజోడు మీద ఆవిరి కమ్మింది. ఆమె తుడుచుకోలేదు. ఒక చేతిలో మూత, రెండో చేతిలో గరిటె ఉన్నాయి. అద్దాలు తేటపడేదాకా ఆగకుండా, అన్నాన్ని గిన్నెలోకి మార్చేసింది. ఆ వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో, స్టవ్ మీద మంట ఎటు వాలుతుందో తెలియడానికి ఆమెకు కళ్లతో పనిలేదు.

"చూశావా, ఇందుకే చెప్పేది," అన్నాడు భర్త, ఖాళీ కంచం ముందు కూర్చుని. "ఆ కంటి ఆపరేషన్ కాస్తా అయిపోతే నీకీ తంటా ఉండదు. బడికి సెలవులివ్వగానే ఉండేలా డేటు పెట్టించేశాను. మూడో రోజుకల్లా లేచి తిరగొచ్చంట. ఆ మర్నాడే కదా మా చెల్లెలు పిల్లలతో దిగేది. అన్నీ కలిసొచ్చాయి."

"మా కోడలికి మూడో రోజు దాకా ఎందుకురా," అంది అత్తగారు పక్క కుర్చీలోంచి. "పిల్లాణ్ణి కన్న వారానికే పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి. ఓర్పుకి పెట్టింది పేరు."

ఓర్పు. పదిహేడేళ్లలో ఆ ఇంట్లో ఆమె సంపాదించుకున్న బిరుదు అదొక్కటే. ఆ మాట వినపడిందంటే దాని వెనకే ఏదో ఒక పని నడిచి వస్తోందని ఆమెకు అనుభవం. "మా కోడలికి ఓర్పెక్కువ" అని అత్తగారు చుట్టాలతో అన్న కొద్ది రోజులకే ఆవిడకి శుక్లాల ఆపరేషన్ జరిగింది. నెల్లాళ్లపాటు పూటపూటా చుక్కలు వేసి, తల తడవకుండా ఒళ్లు తుడిచి, నల్లద్దాలు ఎక్కడ పెట్టి మరిచిపోయారో వెతికి ఇచ్చింది ఆమె. అప్పుడు మూడో రోజు మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తాలని ఆమెకూ తోచలేదు. "మా ఆవిడకి ఓర్పెక్కువ" అని భర్త స్నేహితుల ముందు అన్నాడంటే, ఆ స్నేహితులు భోజనానికి ఉండిపోతున్నారని అర్థం. కొడుకు హాస్టల్లో చదువుతున్నాడు. వాడు నెలకోసారి మాసిన బట్టల మూటతో దిగి, "అమ్మ ఏమీ అనదు" అంటాడు. అదీ అదే బిరుదు, కాస్త చిన్న సైజులో.

ఆమె ఏమీ అనకుండానే వడ్డించింది. వడ్డిస్తూ ఒక్క సంగతే ఆలోచించింది. ఆపరేషన్ కావాలనుకున్నది తను. ఏ రకం ఆపరేషనో, ఏ రోజో, ఎన్నో రోజుకి లేవాలో అన్నీ తేలిపోయాయి. తేలిన వాటిలో తన మాట ఒక్కటీ లేదు.

బడిలో ఆమె ఆటల టీచరు. అక్కడ ఆమె ఓర్పు సంగతి ఎవరికీ తెలియదు. పిల్లలు ఆమెను గోడ టీచర్ అంటారు. మొదట్లో చాటుగా అనేవాళ్లు, ఇప్పుడు ఎదురుగానే అంటారు, ఆమె పలుకుతుంది. ఆడపిల్లల హ్యాండ్‌బాల్ జట్టును తయారుచేసింది ఆమే. సరైన గోల్‌కీపర్ దొరకక, సాయంత్రం సాధనలో తనే గోల్‌లో నిలబడటం మొదలుపెట్టింది. గోల్‌కీపర్ దొరికాక కూడా మానలేదు. చేత్తో విసిరే ఆట అది. ఎగిరి విసిరే పిల్లకూ గోల్‌లో నిలబడ్డ మనిషికీ మధ్య ఒక్కోసారి మూడు బారల దూరం కూడా ఉండదు. బంతి బయల్దేరాక చూస్తే ఆలస్యమైపోతుంది. విసిరే పిల్ల భుజం చూడాలి, మోచెయ్యి ఎటు తెరుచుకుంటుందో చూడాలి, అప్పటికే కాలు కదిలి ఉండాలి. ఇదంతా పిల్లలకి చెప్పేటప్పుడు ఆమె గొంతు మారిపోతుంది. ఇంట్లో ఆ గొంతు ఎవరూ వినలేదు.

ఒక్క కళ్లజోడే అడ్డం. ఫ్రేము అంచు దగ్గర లోకం తెగిపోతుంది. ఇవతల అంతా స్పష్టం, అవతల అంతా మసక. సరిగ్గా ఆ తెగిన చోటు నుంచే, మైదానం మూల నుంచి పుర్రచేతి బంతులు వస్తాయి. జట్టులో ఎడమ చేత్తో విసిరే పిల్ల ఒకతే. దాన్ని అందరూ పుర్రచెయ్యి అనే పిలుస్తారు. ఆ పిల్ల విసిరితే సగానికి సగం లోపలికి పోతాయి. "ఇది నీ గొప్ప కాదే, నా ఫ్రేము గొప్ప," అంటుంది ఆమె.

ఆడేటప్పుడు కళ్లజోడు ఊడిపోకుండా తల వెనక నుంచి ఒక ఎలాస్టిక్ పట్టీ ఉంటుంది. అది అమ్మ కుట్టింది. అమ్మ బట్టలు కుట్టేది. ఆమె బడిలో ఆడుకునే రోజుల్లో, లంగా నడుముకి వేసే ఎలాస్టిక్ ముక్క తీసుకుని, రెండు చివర్లా వేలు పట్టనంత సన్నటి తొడుగులు కుట్టి, కళ్లజోడు కాడలకి తొడిగింది. "బంతికి భయపడి కళ్లు మూసుకోకు. పరధ్యానంగా కుట్టేదాని వేలే సూది కింద పడుతుంది," అని చెప్పింది. అమ్మకి తెలిసిన ఆట అంతే. ఎలాస్టిక్ సాగిపోయినప్పుడల్లా కొత్తది కుట్టి ఇచ్చేది. పెళ్లయ్యాక కూడా ఇచ్చేది. ఇప్పుడున్నది ఆఖరుది. అమ్మ పోయి ఇంకా ఏడాది నిండలేదు.

పెళ్లి రోజున మాత్రం కళ్లజోడు తీసేయమన్నదీ అమ్మే. "ఒక్క పూట తల్లీ, ఫొటోల కోసం." అందుకని ఆమె తన పెళ్లి చూడలేదు. రంగులు చూసింది, కదిలే ఆకారాల్ని చూసింది, ఎవరు ఎవరో గొంతుల్ని బట్టి పోల్చుకుంది. అత్తవారింటికి బండి ఎక్కేటప్పుడు అమ్మ ఎదురుగా నిలబడి తల నిమిరింది. మొహం ఉండాల్సిన చోట గోధుమరంగు మసక ఉంది. చాలా ఏళ్ల తర్వాత అడిగితే అమ్మ నవ్వింది. "నా మొహం నీకు కనపడకపోవడమే మేలైంది. కనపడితే నువ్వు బండి ఎక్కేదానివా?" ఫొటోల్లో వెతికి చూసింది ఆమె. అన్నిట్లోనూ అమ్మ అటు తిరిగే ఉంది.

ఆపరేషన్ అయితే ఆ పట్టీతో పని ఉండదు. నెలల తరబడి ఆమె వెనకాడింది అందుకే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే "పట్టీ కోసమా?" అని అడుగుతారు. ఔనంటే చాలదు, కాదంటే అబద్ధం.

కిందటి నెల బంతి ఫ్రేముకి తగిలి కనుబొమ్మ చీరింది. కుట్లు పడ్డాయి. కుట్లతో ఇంటికి వస్తే అత్తగారు, "ఆడపిల్లల చేత బంతులతో కొట్టించుకునే ఉద్యోగం ఎక్కడైనా ఉందా అమ్మాయ్," అంది. భర్త కంగారు పడ్డాడు, నిజంగానే పడ్డాడు. "కన్ను పోలేదు, అదే పదివేలు," అని, కాసేపాగి, "ఇవాళ బయటి నుంచి తెప్పించుకుందాంలే," అన్నాడు. ఆమె అద్దం ముందు నిలబడి కుట్లు చూసుకుంది. అమ్మయితే ఇంకా దగ్గరగా వేసేది అనుకుంది. అప్పుడే నిర్ణయం జరిగిపోయింది. గోల్‌లోంచి తప్పుకోవడమా, కళ్లజోడు తప్పించడమా అన్నదాంట్లో ఆమెకు అనుమానమేమీ కలగలేదు.

కంటి ఆసుపత్రికి మొదటిసారి ఇద్దరూ కలిసే వెళ్లారు. పరీక్షలు చాలా చేశారు. చివర్లో కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేసి, కళ్లు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలమన్నారు. అప్పుడొచ్చి కూర్చుంది, ఆపరేషన్ వివరాలు చెప్పే కౌన్సెలర్ అమ్మాయి.

"మేడం ఏం చేస్తుంటారండీ?"

"స్కూల్లో చేస్తుంది. మిగతా అంతా ఇంటి పట్టునే," అన్నాడు భర్త.

"కళ్లు పొడిబారినట్టు ఉంటాయా?"

"అబ్బే, అలాంటివేం లేవు."

"ఆటలు గానీ, దెబ్బలు తగిలే పనులు గానీ ఏమైనా?"

భర్త నవ్వాడు. "ఈ వయసులో ఆటలేంటండీ. ఇంటి పనే పెద్ద ఆట."

కౌన్సెలర్ అమ్మాయి కూడా మర్యాదకి నవ్వింది. "అయితే మొదటి రకం చేయించుకోవచ్చు సార్. తొందరగా కోలుకుంటారు. రెండో రకంలో నొప్పి ఎక్కువ. వారం పది రోజులు రెస్టులో ఉండాలి. చూపు తేరుకోడానికి ఇంకా టైం పడుతుంది."

"మొదటిదే రాసెయ్యండి. తను అంత నొప్పి తట్టుకోలేదు."

ఆ మాటకి ఆమె కళ్లు తెరవబోయి, చుక్కలు కారిపోతాయని ఆగింది. పదిహేడేళ్లుగా ఊరందరికీ ఆమె ఓర్పును చాటిన మనిషికి, రెస్టు మాట రాగానే ఆ ఓర్పు మీద నమ్మకం పోయింది. ఆమెకు నవ్వొచ్చింది. కళ్లు మూసుకుని నవ్వుతున్న మనిషిని ఎందుకని ఎవరూ అడగలేదు.

భర్త అబద్ధం చెప్పాడని ఆమె అనుకోలేదు. ఆయనకు నిజంగానే తోచి ఉండదు. ఆమెకు జీతమొచ్చే ఉద్యోగం ఒకటుందని తెలుసు, సాయంత్రాలు ఆలస్యంగా వస్తుందని తెలుసు, మట్టి కొట్టుకుపోయిన ట్రాక్ ప్యాంట్లు తాడు మీద ఆరుతుంటాయని తెలుసు. ఈ మూడింటినీ కలిపితే ఆట అవుతుందని ఎప్పుడూ కలిపి చూసుకోలేదు. ప్రశ్న వచ్చింది కాబట్టి అలవాటుగా జవాబిచ్చాడు. హోటల్లో ఆమెకేం కావాలో చెప్పినట్టు, ఫోన్‌లో "తనకేం ఇబ్బంది లేదు, రండి" అని చుట్టాలకి చెప్పినట్టు. ఆమె వైపు వచ్చే ప్రశ్నను ఆయన మధ్యలోనే అందుకుంటాడు. మైదానంలో ఇలాంటిది ఆమె ఒప్పుకోదు. "నా గీత లోపలికొచ్చిన బంతి నాది, మీరెవరూ చెయ్యి పెట్టొద్దు," అంటుంది. ఇంట్లో అలాంటి గీత ఒకటి ఉండాలని ఎందుకు తోచలేదో, కుర్చీలో కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించింది. తేలలేదు.

సెలవులకి ముందు వారం సాధనలో పుర్రచెయ్యి మూల నుంచి ఎగిరి విసిరింది. భుజం కనిపించింది, చెయ్యి ఫ్రేము అవతలికి పోయింది. బంతి చెంప మీద తగిలి, కళ్లజోడు ముక్కు దగ్గర మెలి తిరిగింది. పట్టీ పట్టుకోబట్టి కింద పడలేదు.

పుర్రచెయ్యి పరుగెత్తుకొచ్చింది. "సారీ టీచర్. కంట్లో తగిలిందా?"

"కంట్లో తగిలితే ఈపాటికి నిన్ను తరుముతుండేదాన్ని. గోల్ అయిందా?"

"అయింది టీచర్."

"మరి ఆ ఏడుపు మొహం దేనికి? వెనక్కెళ్లి మళ్లీ విసురు."

ఆ పిల్ల కదల్లేదు. "ఆపరేషన్ అయ్యాక మీకు కళ్లజోడు ఉండదు కదా టీచర్. అప్పుడు బంతి తిన్నగా కంటికే తగుల్తుంది కదా. కంటికేం కాదా?"

ఆమె చెంప రుద్దుకుంటూ ఆగిపోయింది. కౌన్సెలర్ అమ్మాయి ప్రశ్న గుర్తొచ్చింది. ఆటలు గానీ, దెబ్బలు తగిలే పనులు గానీ. ఎందుకడిగినట్టు? ఆమె టీచరు. ఊరికే ప్రశ్న పెట్టరని ఆమెకు తెలుసు. ప్రశ్న ఉందంటే దానికి మార్కులు ఉన్నట్టే. తన పరీక్షలో, తన ప్రశ్నకి, పక్కన కూర్చున్న మనిషి తప్పు జవాబు చెప్పి వచ్చాడు. పక్కనున్న మనిషికి తెలియక చెప్పాడు. తెలిసిన మనిషి నోరు మూసుకుని కూర్చుంది.

మర్నాడు మధ్యాహ్నం సెలవు పెట్టి, ఒక్కతే ఆసుపత్రికి వెళ్లింది.

డాక్టరమ్మ ఆమెకంటే పదేళ్లు పెద్దది కావచ్చు. ఆవిడకీ కళ్లజోడు ఉంది, లావుపాటిది.

"మీకు డేటు కూడా ఇచ్చేశాం కదమ్మా. ఏమైనా ఇబ్బందా?"

"ఇబ్బందేం లేదండీ. ఆ రోజు అడిగిన ప్రశ్నలు మళ్లీ అడగండి."

డాక్టరమ్మ కళ్లజోడు పైనుంచి చూసింది. "అన్నీనా?"

"అన్నీ. జవాబులు మారాయి."

ఆవిడ కుర్చీ ముందుకి జరుపుకుంది. "ఏం చేస్తుంటారు?"

"ఆటల టీచర్ని. హ్యాండ్‌బాల్. గోల్‌లో నిలబడతాను."

"మీరా? మీ పిల్లలా?"

"పిల్లలు విసురుతారు. నిలబడేది నేను."

"కళ్లు పొడిబారతాయా?"

"ఎండలో ఎక్కువసేపు నిలబడ్డ రోజు ఇసుక పోసినట్టుంటుంది. లేదని మొన్న చెప్పింది నేను కాదు."

"మొహానికి దెబ్బలు?"

ఆమె కనుబొమ్మ మీద మచ్చ చూపించింది. తర్వాత చెంప చూపించింది. "ఇది నిన్నటిది."

డాక్టరమ్మ ఆ మచ్చని వేలితో తడిమి చూసింది. తర్వాత ఎడమ అరచేతి మీద కుడి అరచెయ్యి బోర్లించి చూపించింది. "మొదటి రకంలో కంటి మీద పొరని పల్చగా కోసి, ఇలా మూతలా లేపుతాం. ఒక పక్క అతుక్కునే ఉంటుంది. కింద లేజర్‌తో చెక్కి, మళ్లీ మూత వేసేస్తాం. కుట్లుండవు, అదే పట్టుకుంటుంది. అందుకే నొప్పి తక్కువ, చూపు తొందరగా వస్తుంది. చాలామందికి హాయిగా సరిపోతుంది. కానీ ఆ మూత ముందున్నంత గట్టిగా మళ్లీ అతుక్కోదు. కంటికి పెద్ద దెబ్బ తగిలితే, ఏళ్లు గడిచాక కూడా పక్కకి జరగొచ్చు. అరుదే అనుకోండి. కాకపోతే అరుదుగా తగిలేవాళ్ల సంగతి వేరు, మీరు రోజూ ఎదురెళ్లి తగిలించుకుంటున్నారు."

"రెండోది?"

"అందులో మూతే ఉండదు. పైన సన్నటి చర్మం లాంటి పొర ఉంటుంది, దాన్ని తీసేసి అక్కడే చెక్కుతాం. ఆ పొర మళ్లీ దానంతట అదే పెరుగుతుంది. పెరిగేదాకా కట్టు కట్టినట్టు ఒక లెన్సు పెడతాం. మొదటి మూడు నాలుగు రోజులు మంట, నీళ్లు, వెలుతురు చూడలేరు. ఆ తర్వాత కూడా కొన్ని వారాలు చూపు ఒక రోజు బాగుంటుంది, ఒక రోజు మసకేస్తుంది. చుక్కలు నెలల తరబడి. పొయ్యి సెగ, పొగ, దుమ్ము దగ్గరికి రానివ్వకూడదు. నేను చెప్పేదాకా గోల్ దగ్గరికి వెళ్లకూడదు. కానీ ఒకసారి మానిందంటే, జరగడానికి అక్కడ మూత ఉండదు."

"చిన్న గాటు పెట్టి లోపల్నుంచి తీసే రకం కూడా ఒకటుందని విన్నానండీ."

"ఉంది. తొందరగానే లేస్తారు, మూతా ఉండదు. కానీ మీ పొర కాస్త పల్చన. అది చేస్తే ఇంకా లోతుగా, హద్దు దాకా కొయ్యాలి. రెండో రకంలో మీకు ఎక్కువ మందం మిగుల్తుంది. ఇంకో సంగతి కూడా ముందే చెప్తున్నా. ఏది చేయించుకున్నా, నలభై దాటాక చదవడానికి అద్దాలు వస్తాయి. అది వయసు. దాన్ని లేజర్ ఆపలేదు."

"బంతి మీద చదవడానికేం ఉండదు కదండీ."

డాక్టరమ్మ నవ్వింది. ఆ నవ్వు చూసి ఆమె ఇంకో ప్రశ్న అడిగింది. "మీరెందుకు చేయించుకోలేదు?"

"నాకు కళ్లజోడంటే ఇష్టం. ముక్కు మీద ఏదో ఒకటి ఉంటే ధైర్యంగా ఉంటుంది. ఎవరి కళ్లు వాళ్లవి." ఆవిడ ఆగి, కుతూహలంగా చూసింది. "నిజం చెప్పండి. అంత దగ్గర్నుంచి బంతి వస్తుంటే రెప్ప పడదా?"

"పడుతుందండీ. అందరికీ పడుతుంది. చేతికి తగిలాక పడాలి. ముందే పడిందంటే గోల్. పిల్లలకి మేం నేర్పే మొదటి పాఠం అదే. మొదట స్పాంజి బంతులు విసురుతాం, తర్వాత టెన్నిస్ బంతులు, ఆ తర్వాతే అసలు బంతి. రెప్ప మన మాట వినడానికి ఒక ఏడాది పడుతుంది."

"మా దగ్గరికొచ్చే వాళ్లకీ నేర్పిద్దురూ. లేజర్ కింద పచ్చ చుక్కని చూడమంటే పైకప్పుని చూస్తారు." ఆవిడ కాగితాలు దగ్గరికి లాక్కుంది. "సరే, ఇంట్లో మాట్లాడుకుని చెప్పండి."

"ఇంట్లో చెప్తానండీ," అందామె. "మాట్లాడుకోవడం ఇక్కడ అయిపోయింది. రెండో రకం రాయండి."

ఆసుపత్రి మెట్లు దిగుతుంటే కాళ్లు తేలిగ్గా ఉన్నాయి. పెద్ద పని చేసినట్టేమీ అనిపించలేదు. తన గీత లోపలికి వచ్చిన బంతిని తను అందుకుంది, అంతే. ఈ సంగతి ఫోన్ చేసి చెప్పాల్సిన మనిషి ఒకతే ఉండేది. తన బ్యాగులో చెయ్యి పెట్టి, పట్టీ ఉందో లేదో తడిమి చూసుకుని, బస్సు ఎక్కింది.

ఆ సాయంత్రం కుక్కర్ పెట్టకముందే చెప్పింది. హాల్లోకి వచ్చి, నిలబడి చెప్పింది.

"నాతో ఒక్క మాటైనా చెప్పకుండానా?" అన్నాడు భర్త.

"చెప్తున్నాను కదండీ."

"అది కాదు. ఎవడైనా తేలికైంది వదిలేసి కష్టమైంది కోరుకుంటాడా? మూడో రోజుకి లేచే దారి ఉండగా, వారం పది రోజులు మంచమెక్కుతానంటావేమిటి?"

"తేలికైంది ఇంటికండీ. నా కంటికి కాదు."

"చెల్లెలికేం చెప్పమంటావు?"

"రమ్మనండి. వంటింట్లో అన్నీ ఉన్నచోటే ఉన్నాయి."

భర్త తల్లి వైపు చూశాడు, ఏదన్నా అంటుందేమోనని. ఆవిడ కాళ్లు చాపుకుని పిక్కలు ఒత్తుకుంటోంది. ఆయన గొంతు తగ్గించాడు. గొంతు తగ్గించినప్పుడు ఆయన మంచిగానే మాట్లాడతాడు. "ఇదంతా దేనికి చెప్పు? ఆ గోల్‌లో నిలబడ్డం మానేస్తే సరిపోయే దానికి. పక్కన నిలబడి ఈల ఊదు. ఎవరొద్దన్నారు? ఇంకెన్నాళ్లు ఎగురుతావు?"

ఇదీ అసలు మాట. ఆపరేషన్ రకాలన్నీ దీని చుట్టూనే తిరుగుతున్నాయని ఆమెకు ముందే తెలుసు. జవాబు తన దగ్గరుందని మాత్రం, ఆ మాట చెవిన పడ్డాకే తెలిసింది.

"నేను గోల్‌లో నిలబడటం మీరు ఎప్పుడూ చూడలేదు కదూ."

"ఎక్కడ కుదురుతుందే..."

"చాలా బాగా నిలబడతానండీ."

ఆ ఇంట్లో తన గురించి తను అలాంటి మాట అనడం అదే మొదలు. అరవలేదు. పిల్లలకి పాఠం చెప్పే గొంతుతో అంది. ఆ గొంతు కొత్తగా వినపడి, భర్త చేతిలో రిమోట్ పక్కన పెట్టాడు.

అత్తగారు కాళ్లు మడుచుకుని కూర్చుంది. "ఓర్పున్న పిల్లనుకున్నాను. ఇంత మొండిదనుకోలేదు."

"మొండిదాన్నే అత్తయ్యా."

"ఆ సంగతి ముందే చెప్పొద్దూ. పదిహేడేళ్లు పట్టిందా చెప్పడానికి?" ఆవిడ కాసేపు గోడ వైపు చూసింది. తన కంటికి చుక్కలు పడిన నెల్లాళ్లూ గుర్తొచ్చాయో ఏమో, మళ్లీ మాట్లాడినప్పుడు గొంతులో విసురు తగ్గింది. "చుక్కలు ఎన్నిసార్లు వెయ్యాలంట?"

"మొదట్లో గంట రెండు గంటలకోసారి."

"నా చెయ్యి వణుకుతుంది. సగం కంట్లో పడితే సగం చెంప మీద పడతాయి."

"పడనివ్వండి అత్తయ్యా. చెంపకీ దెబ్బలే కదా."

అత్తగారు నవ్వాపుకుని కొడుకు మీదికి తిరిగింది. "నువ్వలా నోరు తెరుచుకుని చూస్తావేంట్రా. కుక్కర్ పెట్టడం బ్రహ్మవిద్యా? అదే కూస్తుంది. నువ్వు లెక్కపెట్టుకుంటే చాలు. ఆఫీసులో చేసేది అదే కదా."

"నాకవన్నీ ఎక్కడొచ్చమ్మా."

"దానికి మాత్రం పుట్టగానే వచ్చాయా?"

ఆ మాట ఆవిడ నోటి నుంచి వస్తుందని ముగ్గురిలో ఎవరూ అనుకోలేదు, ఆవిడతో సహా. తర్వాత ఆమె వంటింట్లోకి వెళ్లింది. మూత తీసినప్పుడు ఆవిరి కమ్మింది. ఈసారి గరిటె పక్కన పెట్టి, చీర చెంగుతో అద్దాలు తీరిగ్గా తుడుచుకుని, ఆ తర్వాతే వడ్డించింది. హాల్లోంచి ఇంకా ఎంతసేపని ఎవరూ కేక వేయలేదు.

ఆపరేషన్ రోజు భర్త కూడా వచ్చాడు. దారంతా ముభావంగానే ఉన్నాడు. చుక్కల వేళలు మాత్రం ఫోన్‌లో అలారాలుగా పెట్టుకున్నాడు. ఆమె చూసింది, మెచ్చుకోలేదు. నెల్లాళ్లు చుక్కలు వేసినప్పుడు తనని ఎవరూ మెచ్చుకోలేదు. ఆ పని చేస్తే సరిపోతుంది, మెచ్చుకోలు దాకా పోనక్కర్లేదు.

లోపలి గది గుమ్మం దగ్గర నర్సు ఆకుపచ్చ గౌను ఇచ్చి, కళ్లజోడు తీసి వెంట వచ్చిన వాళ్లకి ఇవ్వమంది. ఆమె ముందు కాడల నుంచి పట్టీ విప్పింది. తొడుగుల మీద నల్ల దారం కుట్లు దగ్గరగా, ఒకే కొలతలో ఉన్నాయి. పట్టీని రెండు చుట్లు తిప్పి ఎడమ మణికట్టుకి వేసుకుంది. కళ్లజోడు భర్త చేతిలో పెట్టింది. ఆయన మొహం గోధుమరంగు మసక అయింది. పెళ్లినాడు చూసింది కూడా ఇంతే. ఆ రోజు తీయమన్నారని తీసింది. ఇవాళ తనే తీసింది.

"మణికట్టుకి అదేంటమ్మా?" అంది నర్సు.

"గుడ్డ పట్టీ. ఉండనివ్వండి."

"సరే, చేతులు మాత్రం కదపకూడదు." నర్సు అడగాల్సినవి ఒక్కొక్కటే అడగసాగింది. రెండు కళ్లా? ఏ రకం? మూత లేనిదేనా? మందులేమైనా పడవా? ప్రతిదానికీ ఆమె జవాబిచ్చింది. ఆఖర్న నర్సు గొంతు మెత్తబరిచింది. "ఇప్పుడేం తెలీదు గానీ, ఇంటికెళ్లాక మొదటి మూడు రోజులు బాగా మండుతుందమ్మా. ఓర్చుకోగలరా?"

"తనకి ఓర్పు..." అని మొదలుపెట్టాడు భర్త.

"అడిగింది నన్నండీ," అందామె నెమ్మదిగా.

గోధుమరంగు మసక ఒక అడుగు వెనక్కి జరిగింది. నర్సు ఎదురుచూసింది. ఆమె పట్టీని మణికట్టు మీద ఒకసారి సర్దుకుంది.

"ఓర్పు సంగతి నాకు తెలియదు," అంది. "రెప్ప ఎప్పుడు వెయ్యాలో తెలుసు."